మాట్లాడని ధరల పట్టిక

చిరంజీవి అల్లుడికి,



నరసరావుపేటలో మీరు పెట్టిన కారప్పొడి, పచ్చళ్ళ కంపెనీ వెబ్‌సైటు చూశాను. కళ్ళున్నవాళ్ళకి బాగానే ఉంది. బ్యాంకులో చేసినన్నాళ్ళూ చూపులేని ఖాతాదార్ల పాట్లు చూసినవాణ్ణి గనక నా చూపు వేరే చోటికి పోయింది.

వాళ్ళ ఫోను తెరమీదున్నది చదివి వినిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పని చేసే టాక్‌బ్యాక్ ముందే ఉంటుంది. కంప్యూటరుకైతే ఎన్‌వీడీఏ, పైసా ఖర్చు లేదు. 2006లో దాన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కరన్‌కీ చూపు లేదు. ఈ రెండూ తెలుగూ చదువుతాయి, కానీ చదవడానికి అక్షరాలుండాలిగా! మీరేమో ధరల పట్టికని డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించి ఫోటోగా పెట్టేశారు. పావుకిలో ఎంత, కిలో ఎంత, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి, అన్నీ ఆ బొమ్మలోనే. టాక్‌బ్యాక్ అక్కడికొచ్చి "ఇమేజ్" అని ఊరుకుంటుంది. శుభలేఖల నుంచి పార్టీ ఫ్లెక్సీల దాకా మన దగ్గర అంతా అలాగే నడుస్తుంది కాబట్టి ఎవరికీ తట్టి ఉండదు. ఆ అను అక్షరాల్ని కాపీ చేసి అతికించినా లాభం లేదు, లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయించు. పేజీ తెలుగులో ఉందని కోడ్‌లోనూ రాయించు, లేదంటే ఇంగ్లీషు గొంతు మన గోంగూరని చదవబోయి తంటాలు పడొచ్చు. ఫోటోకి వివరణగా "ఫోటో 3" అని కాకుండా "గాజు సీసాలో గోంగూర పచ్చడి, అరకిలో" అని పెట్టు.

ఎర్ర రంగు మీద నారింజ అక్షరాలు ఎవరి సరదారా? శుక్లాలున్న నాకూ కనపడలేదు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా కనీసం 4.5కి 1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం.

చేతులు వణికేవాళ్ళు మౌసు పట్టలేరు. నువ్వూ మౌసు పక్కన పెట్టి, ట్యాబ్ కీ నొక్కుకుంటూ డబ్బు కట్టేదాకా వెళ్ళి చూడు. ఓటీపీకి ఇచ్చిన గడువు, దాన్ని విని కొట్టేవాళ్ళకి చాలుతుందో లేదో కూడా చూడు.

ఒక్క లైను కోడ్ అతికిస్తే అంతా సర్దుకుంటుందని ఎవరో చెప్పారన్నావు. నమ్మకు. అమెరికాలో సరిగ్గా అదే మాట చెప్పి అమ్ముకున్న కంపెనీని 2025లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 10 లక్షల డాలర్లు కట్టమంది.

ఇలాంటివాళ్ళు ఎంతమంది కొంటారులే అని మీ పార్ట్‌నర్ అన్నాడట. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో వికలాంగులు 2.68 కోట్లు. కొనేవాళ్ళే కాదు, నీలాగా కంపెనీ పెట్టేవాళ్ళూ వాళ్ళలో ఉంటారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పుట్టుకతో చూపు లేకపోయినా ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. ఇక చట్టం అంటావా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సేవలందించే ప్రైవేటువాళ్ళకీ వర్తిస్తుంది. డిజిటల్ సౌకర్యాలు అందుబాటులో ఉండటం జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది కూడా.

ఇవన్నీ అయ్యాక, టాక్‌బ్యాక్ వాడే మనిషిని ఒకరిని పిలిచి అరకిలో కారం ఆర్డరు పెట్టమను. పక్కన కూర్చో, సాయం మాత్రం చెయ్యకు. ఎక్కడ ఆగిపోతే అది రాసుకో. ఆ పూట కూలి లెక్కకట్టి ఇవ్వు, అది మొహమాటానికి చేయించుకునే పని కాదు.

అమ్మని అడిగానని చెప్పు.

మీ మామయ్య