ఎత్తు మడమల చెప్పులు – పాదాల ఆరోగ్యం



చెప్పు మనకు చిన్న విషయం కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో దొర గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతపట్టుకోవలసిన రోజులు మన తాతలు చూశారు. చెప్పులు కుట్టేవారే చెప్పులు తొడుక్కోలేని కాలమది. దళితులను, గిరిజనులను నలుగురిలో చెప్పులు వేసుకోనివ్వకపోవడం నేరమని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ స్పష్టంగా చెప్పింది. ఇంత కష్టంతో కాలికెక్కిన చెప్పు మన కాలికే చేటు చేయకూడదు. అందుకే హైహీల్స్ గురించి నాలుగు విషయాలు తెలుసుకుందాం.

చరిత్ర: ఎత్తు మడమ ఆడవారి అందం కోసం పుట్టలేదు. పర్షియా రౌతులు గుర్రపు రికాబులో కాలు జారకుండా మడమ ఉన్న పాదరక్షలు తొడిగేవారు. 17వ శతాబ్దంలో ఐరోపా మగవారు వాటిని హోదాకు గుర్తుగా చేసుకున్నారు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఎర్ర మడమల బూట్లు వేసేవాడు. మన తెలంగాణలోనే, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో ఒక మదనిక శిల్పానికి ఎత్తు మడమల చెప్పులు కనిపిస్తాయి. అదే గుడిలో వట్టికాళ్ల మదనికలూ ఉన్నారు. వారి అందానికి వంక పెట్టినవారు లేరు.

అందం: హైహీల్స్‌తో నడిచే స్త్రీ నడక చూసేవారికి ఎక్కువ ఆకర్షణీయంగా తోస్తుందని ఇంగ్లండులోని పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో తెలిపారు. అడుగు చిన్నదై, నడుము కదలిక పెరగడమే అందుకు కారణం. ఇది నిజమే కాని, దాని ఖరీదు పాదం చెల్లిస్తుంది.

ఆరోగ్యం: ఒక్కొక్క పాదంలో 26 ఎముకలున్నాయి. మడమ లేచినకొద్దీ ఒంటి బరువు ముందుపాదం మీదికి జారుతుంది. చెప్పు మొన ఇరుకైతే బొటనవేలు పక్కకు వంగి, దాని మొదట్లో ఎముక పొడుచుకొస్తుంది. వేళ్లకు ఆనెకాయలు కాస్తాయి. ఏళ్ల తరబడి రోజూ వేసుకుంటే పిక్క కండరం కురచబడి, దాన్ని మడమకు కలిపే స్నాయువు గట్టిపడుతుంది. అప్పుడు చదును చెప్పు వేసుకున్నా నొప్పే. చీలమండ మెలికపడే ప్రమాదం ఎటూ ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు, నడుము బిగుసుకున్నవారు వీటి జోలికి పోరాదు.

పాటించవలసినవి:
1. చెప్పులు సాయంత్రం కొనండి. అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.
2. కాగితంపై నిలబడి పాదం గీత గీసుకోండి. చెప్పు ఆ గీతకన్నా ఇరుకైతే కొనవద్దు.
3. రోజువారీ నడకకు అంగుళం లోపు, వెడల్పు మడమ మేలు.
4. పెళ్లికో పండుగకో హీల్స్ వేసుకుంటే, ఇంటికి రాగానే విప్పి పిక్కలు సాగదీయండి.
5. షుగరు ఉన్నవారు రోజూ అరికాళ్లు చూసుకోవాలి.

మన చెల్లెళ్లెందరో చదువు కాగానే హైదరాబాదు షోరూముల్లో, రిసెప్షన్లలో గంటల తరబడి నిలబడే ఉద్యోగాలు చేస్తున్నారు. ఉద్యోగినులను హైహీల్స్ వేసుకోవాలని బలవంతపెట్టరాదని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2017లో నిబంధన తెచ్చింది. ఇష్టపడి వేసుకోవడం వేరు, యజమాని వేయించడం వేరు. చెప్పు వేసుకోవద్దనే మాటను మన పెద్దలు ఎదిరించారు. కాలికి నొప్పి కలిగించే చెప్పు వేసుకోమంటే, వద్దని చెప్పే ధైర్యం మనకూ ఉండాలి. తల ఎత్తుకొని నడవడానికి మడమ ఎత్తు అక్కర లేదు.