తేదీ తెలియక కనిపెట్టుట

ధ్యాన భాగము: యిర్మీయా 28, 29 అధ్యాయములు



మన గ్రామములనుండి అమెరికా వెళ్లి పనిచేయుచున్న బిడ్డల తలిదండ్రులు మమ్మును అడుగు ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, మావానికి గ్రీన్ కార్డు ఎప్పుడు వచ్చును?" పది పండ్రెండేండ్లు గడచినను రాకపోగా, వాడేదైన తప్పు చేసెనేమోయని కొందరు లోలోపల కుములుచున్నారు. ఆలస్యమునకు కారణము వేరు.

ఉద్యోగము మూలముగా స్థిరపడువారికి ఆ దేశము ఏటా ఇచ్చు కార్డులు సుమారు 1,40,000. 1990 నాటి చట్టము ప్రకారము, సాధారణముగా ఏ ఒక్క దేశమువారికిని నూటికి ఏడుకు మించి ఇయ్యరు. చిన్న దేశమునకును మన దేశమునకును ఒకటే కొలత! మనవారు లక్షలుగా ఉన్నారు గనుక వరుస పెరిగినది. ప్రతివానికి ఒక వరుస తేదీ యుండును. ఏ తేదీవరకు పిలుపు వచ్చినదో ప్రభుత్వము నెలనెలా ప్రకటించును. అది ముందుకు నడచును, నిలిచిపోవును, వెనుకకును పోవును. 2022 సెప్టెంబరులో రెండవ తరగతి భారతీయులకు 2014 డిసెంబరు వరకు వచ్చిన పిలుపు, మరుసటి నెలలోనే 2012 ఏప్రిలునకు వెనుదిరిగెను. ఇక అర్జీలు చూచు కార్యాలయము ప్రకటించు గడువులు, గడచిన ఆరు నెలలలో నూటికి ఎనుబది అర్జీలు ఎంతలో ముగిసెనో చూపు కొలతలు మాత్రమే. వాటిని వాగ్దానముగా ఎంచి పెండ్లి ముహూర్తములు పెట్టుకొనరాదు.

బబులోను చెరను గూర్చి హనన్యా రెండేండ్ల గడువు చెప్పెను. వినుటకు ఎంత తీపి మాట! యిర్మీయా సహితము మొదట ఆమేన్ అనెను. అయినను చెరలోనివారికి వ్రాసిన ఉత్తరములో ఆయన డెబ్బది యేండ్లని నిజము చెప్పి, ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, బిడ్డలకు వివాహములు చేసి, ఆ పట్టణపు క్షేమము కోరుమనెను.

మన కాలమునను హనన్యాలు కలరు. "ఇంత సొమ్మిండు, వరుస జరిపించెదము" అను మధ్యవర్తుల మాట నమ్మి పొలము అమ్మకుడి. కొన్ని అర్జీలకు అధిక రుసుముతో త్వరగా తీర్పు పొందు మార్గము ప్రభుత్వమే ఉంచినది గాని, దానివలన వరుస తేదీ జరుగదు.

పని వీసా సాధారణముగా ఆరేండ్లకు ముగియును. అయితే యజమాని వేసిన అర్జీ అంగీకరింపబడి వరుసలో నిలిచినవారికి, 2000 నాటి చట్టమువలన మూడేసి యేండ్ల పొడిగింపు దొరకును. మిక్కిలి బాధాకరమైనది పిల్లల సంగతి. 21 యేండ్లు నిండిన బిడ్డ తలిదండ్రుల అర్జీనుండి జారిపోవును. 2002 నాటి చట్టము కొందరి వయస్సును తగ్గించి లెక్కించును గాని అందరిని కాపాడదు. కావున మనుమనికి పదునారు, పదునేడు వచ్చినప్పుడే న్యాయవాదిని కలిసికొమ్మని మీ బిడ్డలతో చెప్పుడి.

ఇక్కడ చెల్లెలి పెండ్లి, ఇంటి కప్పు, తండ్రి కంటి ఆపరేషను ఆ కార్డు కొరకు ఆపకుడి. తిరుగు ప్రయాణమునకు వీసా ముద్ర ఆలస్యమగునేమోయను భయముచేత కుమారుడు రాలేకపోయిన యెడల, ప్రేమ తగ్గెనని నిందింపకుడి. దర్శకుల వీసాకు మీరే ప్రయత్నింపవచ్చును. ఫోనులో కార్డు మాట వారు ఎత్తువరకు ఎత్తకుడి. మనుమడు ఏ తరగతి చదువుచున్నాడో, కోడలి పని ఎట్లున్నదో, ఆ ఊరిలో ఈ యేడు మంచు ఎంత పడెనో అడుగుడి.