గూనిగా కూర్చుంటే హాయి ఎందుకు?

"నిటారుగా కూర్చో" అనిపించుకోకుండా మన ఇళ్ళల్లో ఏ పిల్లవాడూ పదో తరగతి దాటడు. అనగానే సర్దుకుంటారు, రెండు నిమిషాలకు మళ్ళీ వంగిపోతారు. పెద్దలు దాన్ని బద్ధకం ఖాతాలో వేస్తారు. ముప్పయ్యేళ్ళకు పైగా బ్యాంకులో లెడ్జర్ల మీద వంగి పనిచేసినవాణ్ణి కనుక పిల్లల తరఫున నాలుగు మాటలు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, బి.కాం. చదివినవాణ్ణి; చదివీ, తెలిసినవారిని అడిగీ గ్రహించిన సంగతులివి.

నిటారుగా కూర్చున్నంతసేపూ వెన్నెముకకు ఇరుపక్కల ఉన్న కండరాలు కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉండాలి. పెద్దవారి తల ఒక్కటే సుమారు 5 కిలోలు. అది భుజాలకు సరిగ్గా పైన ఉంటే మెడకు శ్రమ తక్కువ, ముందుకు వచ్చేకొద్దీ ఎక్కువ. నీళ్ళ బిందెను చంకన పెట్టుకోవడానికీ, చేతులు చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇది.

అయితే వీపు బాగా ముందుకు వంగినప్పుడు ఒక దశలో ఆ కండరాలు పని చాలించి ఊరుకుంటాయి. లండన్‌లో ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు పరిశోధకులు 1950లలో కండరాల విద్యుత్ సంకేతాలు కొలిచి ఈ సంగతి చూపించారు. మనకు తెలిసే హాయి అదే. బరువు మాత్రం ఎక్కడికీ పోదు. వెన్నుపూసలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు, వాటి మధ్యనున్న డిస్కులు దాన్ని మోస్తాయి. కండరం అలిసిపోతే త్వరగా చెబుతుంది. లిగమెంటు మెల్లగా సాగుతూ ఆలస్యంగా చెబుతుంది. గంట తరువాత లేవబోతే నడుము పట్టేసేది అందుకే. మా బ్యాంకు భాషలో ఇది ఓవర్‌డ్రాఫ్టు.

అలాగని వంగడం నేరమేమీ కాదు. కట్టెలా నిటారుగా గంటసేపు కూర్చున్నా నొప్పి వస్తుంది. ఒకే సరైన భంగిమ ఉందన్న మాటను నిపుణులు ఇప్పుడు పెద్దగా పట్టించుకోవడం లేదు. కదలకుండా ఉండటమే అసలు చిక్కు. అరగంటకోసారి లేచి మంచినీళ్ళు తాగి రండి. బట్టీ పట్టవలసినవి నడుస్తూ పట్టండి.

తిట్టడం మాని పుస్తకాన్ని పైకి లేపండి, తల దానంతటదే లేస్తుంది. మన పెద్దలు వ్యాసపీఠం మీద గ్రంథం పెట్టుకుని చదివింది పవిత్రత కోసమే కాదనుకుంటాను! నేల మీద కూర్చునేవారు పిరుదుల కింద దుప్పటి మడిచి వేసుకుంటే నడుము కుంగదు. కుర్చీలో కాళ్ళు నేలకు అందకపోతే కింద పీట వేయండి. సెల్‌ఫోను కళ్ళ ఎత్తుకు దగ్గరగా రావాలి. బోర్లా పడుకుని మెల్లగా ఛాతీ ఎత్తడం రోజూ పదిసార్లు చేస్తే కొన్ని వారాల్లో వీపుకు ఓర్పు పెరుగుతుంది. స్కూలు సంచీ పిల్లవాడి బరువులో పదోవంతు మించరాదని కేంద్ర ప్రభుత్వ 2020 విధానం చెబుతోంది. ఒకసారి తూచి చూడండి.

తల్లిదండ్రులకు మరో రెండు మాటలు. పుస్తకం మీదికి మరీ వంగే పిల్లలకు హ్రస్వదృష్టి ఉండవచ్చు, ముందు కళ్ళు పరీక్ష చేయించండి. రెండోది, పదేళ్ళు దాటిన పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగమని వెనుకనుంచి చూడండి. వీపు ఒకపక్క ఎత్తుగా కనిపిస్తే అది కూర్చునే అలవాటు వల్ల వచ్చింది కాకపోవచ్చు, వెన్నెముకే పక్కకు వంగి ఉండవచ్చు. ఎదిగే వయసులోనే ఎముకల డాక్టరుకు చూపిస్తే, అవసరమైనవారికి బెల్టుతో ఆ వంపు పెరగకుండా ఆపే వీలుంటుంది.