ఇంటి వాకిట వెలుగు: యూదుల హనుక్కా దీపములు

మూలవాక్యము: యోహాను 10:22–39



శీతకాలమున, ఆలయ ప్రతిష్ఠిత పండుగ దినములలో, మన ప్రభువు సొలొమోను మంటపములో సంచరించుచుండెనని యోహాను వ్రాసెను. ఈ పండుగ మోషే ధర్మశాస్త్రములో లేదు. మలాకీ ప్రవక్తకు తరువాతి కాలమున వచ్చినది. యూదులు దీనిని హనుక్కా అందురు. ఆ మాటకు ప్రతిష్ఠ అని అర్థము.

చరిత్ర

క్రీ.పూ. 167లో సిరియా రాజైన నాలుగవ అంతియొకసు యెరూషలేము ఆలయమును అపవిత్రపరచెను. యూదా మక్కబీయుడు పోరాడి, క్రీ.పూ. 164లో కిస్లేవు నెల 25వ దినమున బలిపీఠమును మరల ప్రతిష్ఠింపజేసెను. పండుగ ఎనిమిది దినములు జరిగెను. ఒక్క దినమునకు సరిపడు నూనె ఎనిమిది దినములు వెలిగెనను సంగతి మక్కబీయుల మొదటి గ్రంథములో లేదు; శతాబ్దముల తరువాత కూర్చబడిన తల్మూదులో ఉన్నది. బోధించువారు ఈ భేదమును గమనింపవలెను.

వెలిగించు పద్ధతి

1. దీపస్తంభము: గుడారములోని దీపవృక్షమునకు ఏడు దీపములు (నిర్గమ 25:37). హనుక్కా స్తంభమునకు ఎనిమిది, వాటికి వేరుగా మరియొకటి. ఈ తొమ్మిదవది షమ్మాషు, అనగా పరిచారక దీపము. దీనితోనే మిగిలినవాటిని వెలిగింతురు. పండుగ దీపముల వెలుగున చదువుట, పనిచేయుట కూడదు.

2. వరుస: మొదటి రాత్రి ఒకటి, రెండవ రాత్రి రెండు, ఇట్లు ఎనిమిదవ రాత్రికి ఎనిమిది. పరిచారక దీపము గాక మొత్తము 36. దీపములను కుడినుండి ఎడమకు పేర్చి, ఆ దినపు క్రొత్త దీపమును మొదట వెలిగింతురు. ఎనిమిదితో మొదలుపెట్టి తగ్గించుకొని రావలెనని షమ్మయి శిష్యులు చెప్పిరి. పరిశుద్ధమైన దానిలో పెరుగుటే గాని తరుగుట తగదని హిల్లేలు శిష్యులు చెప్పిరి. యూదులు హిల్లేలు మార్గమునే అనుసరించిరి.

3. సమయము: చీకటి పడిన తరువాత కనీసము అరగంట దీపము వెలుగవలెను. శుక్రవారమున విశ్రాంతి దినపు దీపములకు ముందే వీటిని వెలిగింతురు. వెలిగించుటకు ముందు మొదటి రాత్రి మూడు స్తుతులు, తక్కిన రాత్రులు రెండు పలుకుదురు.

4. స్థలము: దేవుడు చేసిన కార్యము పదిమందికి తెలియుటకు దీపమును వీధి వాకిట, ద్వారమునకు ఎడమ ప్రక్కను ఉంచవలెనని పూర్వపు నియమము. మేడమీద నివసించువారు కిటికీలో ఉంచవచ్చును. అపాయకాలమున ఇంటిలోని బల్లమీద ఉంచినను చాలును.

మనకు పాఠము

ప్రభువు తాను లోకమునకు వెలుగునని చెప్పినది ఈ పండుగలోనని కొందరు ప్రసంగింతురు. ఆ మాట అంతకు ముందే, పర్ణశాలల పండుగ తరువాత, 8వ అధ్యాయములో ఉన్నది. ఈ పండుగలో ఆయన చెప్పినది వేరు: తండ్రి తనను ప్రతిష్ఠచేసి లోకములోనికి పంపెనని (10:36). బలిపీఠపు ప్రతిష్ఠను జ్ఞాపకము చేసికొను దినములలో, నిజముగా ప్రతిష్ఠింపబడినవాడు వారి యెదుటనే నిలిచియుండెను. కాబట్టి మన యౌవనస్థులు కొందరు అడుగుచున్నట్లు, ఈ దీపస్తంభమును కొని మందిరములో పెట్టవలసిన అవసరము మనకు లేదు (కొలొస్స 2:16, 17).

అయినను వారినుండి నేర్చుకొనవలసినది ఒకటి కలదు. క్రీ.శ. 70లో ఆలయము కూలిపోయెను. బలులు ఆగిపోయెను. ఈ దీపము మాత్రము ఆరలేదు. ఏలయనగా అది ఇండ్లలో ఉండెను. ఏ దేశమునకు చెదరిపోయినను తలిదండ్రులు పిల్లల యెదుట దానిని వెలిగించిరి.

స్వస్థలములు విడిచి తరతరములుగా పొరుగు రాష్ట్రములలో నివసించు మనము ఆలోచింపవలెను. ఆదివారపు ఆరాధనలో తప్ప తెలుగు వాక్యము వినని పిల్లలు మన యిండ్లలో లేరా? కుటుంబ ప్రార్థన మానివేసి, మందిరమే అంతయు చూచుకొనునని మనము అనుకొనుచున్నామా? ఈ రాత్రి ఒక్క వచనము పిల్లలచేత తెలుగులో చదివించుదము. రేపు రెండు. తరుగక పెరుగుదము.

చర్చకు ప్రశ్నలు

1. పరిచారక దీపము పని ఏమి? మార్కు 10:45తో పోల్చి చూడుడి.
2. దీపమును వాకిట ఉంచుటకు కారణమేమి? మన విశ్వాసము మన వీధివారికి ఎట్లు కనబడుచున్నది?
3. మన యింటిలో కుటుంబ ప్రార్థన ఏ వేళకు జరుగుచున్నది?