దొరువులో తీపి నీరు

నెల్లూరు తీరంలో ఒక వింత ఉంది. రోజూ కళ్ల ముందు ఉండేది కాబట్టి దాన్ని ఎవరూ వింత అనుకోరు.

ఎదురుగా సముద్రం ఉంటుంది. ఆ నీరు నోట పెట్టుకోలేరు. ఊరికి పడమట బకింగ్‌హాం కాలువ ఉంటుంది. ఆ నీరూ చాలాచోట్ల ఉప్పే. అల్లూరు మండలం ఇసకపల్లి వైపు పోతే, నీటిని ఎండబెట్టి ఉప్పు పండించే కయ్యలు కనిపిస్తాయి. ఇటు ఉప్పు, అటు ఉప్పు. అయినా మధ్యలో ఉన్న ఇసుక దిబ్బ పక్కన కొన్ని అడుగులు తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది. దాన్నే దొరువు అంటారు.

ఉప్పు నీటి పక్కన తీపి నీరు ఎలా వచ్చింది? అది ఎందుకు ఉప్పు కాలేదు? ఈ మధ్య కొన్ని ఊళ్లలో ఎందుకు ఉప్పవుతున్నది? ఈ పాఠంలో చదవండి.

ఇసుక కింద ఏముంది?

దొరువులో నీరు సముద్రం నుంచి వచ్చింది కాదు. అది వాన నీరు. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురుస్తుంది. ఇసుకలో సందులు ఎక్కువ. అందుకని వాన నీరు పక్కకు పారిపోకుండా కిందికి ఇంకుతుంది.

ఇసుక కింద అప్పటికే సముద్రపు నీరు చేరి ఉంటుంది. వాన నీరు దాని మీద తేలుతుంది. చారు మీద నూనె తేలినట్టు తేలుతుంది. నూనె తేలిక కాబట్టి పైన ఉంటుంది. తీపి నీరు కూడా ఉప్పు నీటి కంటే తేలిక.

ఎంత తేలిక? ఒక లీటరు తీపి నీరు తూకం వేస్తే 1000 గ్రాములు. ఒక లీటరు సముద్రపు నీరు తూకం వేస్తే దాదాపు 1025 గ్రాములు. సముద్రపు నీరు లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అందుకే ఆ బరువు.

అయితే నూనె చారులో కలవదు. తీపి నీరు మాత్రం ఉప్పు నీటిలో కలుస్తుంది. కదిలిస్తే కలుస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. పాఠమంతా దీని మీదే ఉంది.

చేసి చూడండి

ఒక గాజు గ్లాసు తీసుకోండి. పాలు పోయని టీ డికాషను సగం గ్లాసు పోయండి. అది చల్లారాక మూడు చెంచాల ఉప్పు వేసి బాగా కలపండి. ఇది సముద్రపు నీరు అనుకోండి.

ఇప్పుడు ఒక చెంచాను డికాషను మీద ఆనించి పట్టుకోండి. ఆ చెంచా మీద మంచినీరు సన్నటి ధారగా, మెల్లగా పోయండి. కింద ఎర్రటి నీరు, పైన తెల్లటి నీరు విడివిడిగా నిలుస్తాయి. అదే దొరువు.

కొబ్బరి బోండాం తాగే గొట్టం ఒకటి తెచ్చుకోండి. గొట్టం కొనను పైనున్న తెల్లటి నీటిలోనే ఉంచి కొంచెం పీల్చండి. తియ్యగా ఉంటుంది. గొట్టాన్ని గ్లాసు అడుగుదాకా దించి పీల్చండి. ఉప్పు! ఇక చెంచాతో గిరగిరా తిప్పండి. నీరంతా ఒకటే రంగు అయింది. ఇప్పుడు ఎక్కడ పీల్చినా ఉప్పే. మళ్లీ విడదీయడం మీ వల్ల కాదు.

ఒక అడుగుకు నలభై అడుగులు

ఇసుక కింద తీపి నీరు ఎంత లోతు ఉంటుంది? దీనికి ఒక లెక్క ఉంది. 19వ శతాబ్దం చివర హాలండు దేశంలో గైబెన్, 1901లో జర్మనీ దేశంలో హెర్జ్‌బెర్గ్ ఈ లెక్క రాశారు. అవి కూడా సముద్రం పక్కన ఉన్న దేశాలే. వాళ్లకూ ఇదే బాధ.

కూరగాయల కాటాను తలుచుకోండి. ఒక తట్టలో సముద్రపు నీరు, ఇంకో తట్టలో తీపి నీరు ఉన్నాయి. రెండు తట్టలూ సమానంగా తూగాలంటే, 40 లీటర్ల సముద్రపు నీటికి 41 లీటర్ల తీపి నీరు పెట్టాలి. 40 సార్లు 1025 అంటే 41 వేలు. 41 సార్లు 1000 అన్నా 41 వేలే. కావాలంటే పలక మీద లెక్క చేసి చూడండి.

భూమి లోపల కూడా ఇలాగే తూగుతుంది. సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున తీపి నీరు నిలిచి ఉంటే, మట్టానికి కింద దాదాపు 40 అడుగుల దాకా తీపి నీరే ఉంటుంది. రెండు అడుగులు నిలిస్తే 80 అడుగులు. ఊరి మట్టి పొరలను బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. మధ్యలో బంకమట్టి పొర ఉంటే మారిపోతుంది. కానీ అసలు సంగతి మారదు.

ఇప్పుడు ఈ లెక్కను తిరగేయండి. పైన నీరు ఒక అడుగు తగ్గితే ఏమవుతుంది? కింద ఉప్పు నీరు మెల్లమెల్లగా 40 అడుగులు పైకి వస్తుంది. పైన పోయింది ఒక అడుగే. కింద పోయింది నలభై!

దొరువు పని, బోరు పని

ఎండాకాలం. దొరువు దగ్గర అత్తా కోడళ్లు బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. నీరు మెల్లగా ఊరుతున్నది.

"ఎంతసేపు అత్తా ఈ కాపలా? ఒక బోరు వేయిస్తే పోలా? వంద అడుగులు దించితే నీళ్లు దుముకుతాయి గదా" అంది కోడలు.

"దుముకుతాయమ్మా. ఏ నీళ్లు దుముకుతాయో చూసుకోవాల గదా" అంది అత్త.

"లోతుకు పోతే మంచి నీళ్లంట. అందరూ అంటా ఉండారు."

"మెట్ట ఊళ్లలో అట్టా అంటారు. ఇది సముద్రం ఒడ్డు. ఇక్కడ మంచి నీళ్లు పైన ఉండాయి. లోతుకు పోతే సముద్రమే."

అత్త చెప్పింది నిజం. దొరువు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. అది పైనున్న తీపి నీటిని మీగడ తీసినట్టు తీస్తుంది. చేత్తో తోడుతారు. తోడినంత మళ్లీ ఊరేదాకా ఆగుతారు. కింద ఉన్న ఉప్పు నీరు కదలదు.

బోరు అలా కాదు. గొట్టం లోతుకు దిగుతుంది. మోటారు ఒకే చోట బలంగా గుంజుతుంది. అప్పుడు గొట్టం కింద ఉప్పు నీరు చీమల పుట్టలాగా పైకి లేస్తుంది. పుట్ట కొన గొట్టానికి తగిలిన రోజు నుంచి నీళ్లు ఉప్పు. పక్కన ఉన్న దొరువు కూడా పాడు కావచ్చు. ఒకరి బోరు, పది ఇళ్ల బాధ.

అలాగని దొరువు నీరు పంటకు పనికిరాదని కాదు. బాపట్లలో ఉప్పునీటి వాడకం మీద పరిశోధన చేసేవాళ్లు దొరువును మెరుగు చేశారు. మధ్యలో ఒక బావి కడతారు. దాని చుట్టూ ఇసుకలో, తక్కువ లోతులో, చిల్లులున్న గొట్టాలను పడుకోబెడతారు. చాలాచోట్ల నుంచి కొంచెం కొంచెంగా తీపి నీరు బావిలోకి చేరుతుంది. చిన్న మోటారుతో తోడి తుంపరగా పంటకు కొడతారు. ఇక్కడ కూడా సూత్రం ఒకటే. పైపైన తియ్యాలి, మెల్లగా తియ్యాలి.

పై నుంచి దిగే ఉప్పు

ఉప్పు కింద నుంచే రాదు. పై నుంచి కూడా దిగుతుంది.

1990 తర్వాత నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు బాగా పెరిగాయి. వాటి వల్ల డబ్బు వచ్చింది. చాలామందికి కూలి దొరికింది. అయితే చెరువులో నెలల తరబడి ఉప్పు నీరు నిలవ ఉంటుంది. నేల ఇసుక నేల అయితే ఆ నీరు కిందికి ఇంకుతుంది. పక్కన దొరువుంటే దానిలోకి చేరుతుంది. చెరువు కోసం బోర్లు వేసి తోడితే కింద నుంచి కూడా ఉప్పు లేస్తుంది.

ఇసుక తవ్వి తోలుకుపోవడం మరో కారణం. ఇసుక దిబ్బ అంటే వాన నీటిని దాచే కుండ. దిబ్బ ఎత్తు తగ్గితే లోపల నిలిచే నీరు తగ్గుతుంది. నలభై లెక్క మళ్లీ గుర్తు తెచ్చుకోండి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నెల్లూరు తీరంలో కూడా సముద్రం పొంగింది. ఇలా సముద్రం మీదికి వచ్చినప్పుడు బావిలో ఉప్పు నీరు పడుతుంది. తొందరపడి పెద్ద మోటారు పెట్టి బావిని ఎండగట్టకూడదు. అలా చేస్తే కింద ఉప్పు కూడా లేస్తుంది. కొంచెం కొంచెంగా తోడి, దూరంగా పారబోయాలి. మిగతాది వాన కడుగుతుంది. దానికి కాలం పడుతుంది.

మరిగిస్తే ఉప్పు పోతుందా?

పోదు. నీరు మరిగిస్తే రోగం తెచ్చే క్రిములు చస్తాయి. అందుకే దొరువు నీరు కాచి తాగడం మంచిది. కానీ ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఆవిరై పోయేది నీరు, గిన్నెలో మిగిలేది ఉప్పు. ఉప్పు కయ్యలో ఎండ చేసే పని కూడా ఇదే. గుడ్డతో వడకట్టినా, పటిక వేసినా, క్లోరిన్ బిళ్ల వేసినా ఉప్పు పోదు.

శుద్ధి యంత్రంతో ఉప్పు తియ్యవచ్చు. అయితే ఆ యంత్రం ఒక పక్క మంచి నీరు ఇస్తే, ఇంకో పక్క మరింత ఉప్పు నీరు వదులుతుంది. దాన్ని దొరువు పక్కన వదిలితే తిరిగి దొరువులోకే వస్తుంది.

ఉప్పు నీరు రుచి కోసం మానేది కాదు. ఉప్పు ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. బంగ్లాదేశ్ తీరంలో ఉప్పు నీరు తాగే గర్భిణులను డాక్టర్లు పరిశీలించారు. వాళ్లలో రక్తపోటు ఎక్కువగా కనిపించింది. గర్భిణికి రక్తపోటు వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

ఎంత ఉప్పు దాకా తాగవచ్చు? లీటరు నీటిలో కరిగిన ఉప్పులన్నీ కలిపి అర గ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీరు దొరకని చోట రెండు గ్రాముల దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెప్తున్నది. 19 లీటర్ల మంచి నీటిలో ఒక్క లీటరు సముద్రపు నీరు కలిస్తే చాలు, ఆ హద్దు దాటిపోయే పరిస్థితి వస్తుంది. పాడు కావడానికి ఎక్కువ అక్కర్లేదు.

చట్టం ఏం చెప్తుంది?

1991లో కేంద్ర ప్రభుత్వం సముద్ర తీరానికి నియమాలు పెట్టింది. పోటు నీరు వచ్చే గీత నుంచి 200 మీటర్ల నుంచి 500 మీటర్ల దాకా ఉన్న చోట, మామూలు బావుల్లో చేత్తో తోడుకోవడానికే అనుమతి ఇచ్చింది. 2011లో నియమాలు తిరగరాసినప్పుడు కూడా ఈ మాట ఉంచారు. దొరువు దగ్గర అత్త చెప్పిన మాట, చట్టం చెప్పిన మాట ఒకటే.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. పంట భూములను, ఉప్పు కయ్యలను, ఊరి ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు కేంద్రం వేరే చట్టం చేసింది. ఆ చట్టం కింద చెరువులను రిజిస్టరు చేయించుకోవాలి.

2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని అందులో ఉంది. దీని గురించి మండలాఫీసులో అర్జీ పెట్టవచ్చు.

మీరు చేయగల పని

నీటిలో ఎంత ఉప్పుందో చూపే చిన్న మీటరు ఉంటుంది. చూడటానికి పెన్నులాగా ఉంటుంది. నీటిలో ముంచితే అంకె చూపిస్తుంది. 500 అంటే లీటరుకు అర గ్రాము. 2000 అంటే రెండు గ్రాములు. అంకెలు చదవడం వస్తే చాలు. అయితే ఈ మీటరు క్రిముల సంగతి చెప్పదు, ఉప్పు సంగతే చెప్తుంది.

నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. ప్రతి పౌర్ణమికి దొరువు నీరు చూడండి. తేదీ, అంకె నోటుబుక్కులో రాయండి. నీటి మట్టం ఎంత లోతున ఉందో తాడుతో కొలిచి అది కూడా రాయండి. "నీళ్లు ఉప్పగా ఉన్నాయి" అంటే ఆఫీసులో ఒక మాటగా వింటారు. "కార్తీక పౌర్ణమికి 600, చైత్ర పౌర్ణమికి 1400" అని రాసి చూపిస్తే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

గుర్తుంచుకోండి

తీపి నీరు పైన, ఉప్పు నీరు కింద.
పైన అడుగు తగ్గితే కింద నలభై అడుగులు ఉప్పు లేస్తుంది.
కాచితే క్రిములు పోతాయి, ఉప్పు పోదు.
ఇసుక దిబ్బ ఊరి నీటి కుండ.

చర్చించండి

1. మీ ఊళ్లో ఎన్ని దొరువులు ఉండేవి? ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? పెద్దవాళ్లను అడిగి రాయండి.
2. మీ తాగునీటి బావికి 250 మీటర్ల లోపల ఎన్ని బోర్లు ఉన్నాయి? అడుగులు వేసి కొలవండి.
3. రొయ్యల చెరువు వల్ల కూలి వస్తుంది. దొరువు పోతే నీళ్ల కోసం దూరం నడవాలి. ఒక రోజు కూలి ఎంత? నీళ్లు కొనడానికి నెలకు ఎంత అవుతుంది? లెక్క వేసి, గ్రామ సభలో చెప్పండి.