పసిబిడ్డ పక్క – తల్లి చేతికి అందేంత దూరంలో



కాన్పు దగ్గర పడిందంటే ఇంట్లో ఎన్నో సన్నాహాలు మొదలవుతాయి. పాత నూలు చీరలు ఉతికి పొత్తిగుడ్డలు సిద్ధం చేస్తారు. బాలింతకు ఏం పెట్టాలి, ఎవరు తోడుండాలి అని మాట్లాడుకుంటారు. తొట్టెల ఎవరు తేవాలన్న మాట కూడా అప్పుడే వస్తుంది. కానీ ఒక ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. పుట్టిన బిడ్డ ఆ రాత్రి నుంచి ఎక్కడ పడుకోవాలి?

పసిగుడ్డు రోజులో పదహారు గంటల వరకు నిద్రలోనే ఉంటుంది. అంటే మొదటి నెలల్లో బిడ్డ బతుకంతా ఆ పక్క మీదే. అందుకే ఈ పాఠం. నర్మెట్ట, గండిరామారం, వెల్దండ, బొమ్మకూరు గ్రామాల్లోనూ, తండాల్లోనూ ఉన్న కొత్త తల్లిదండ్రులు దీనిని ఇద్దరూ కలిసి చదవండి. చదవడం రాని వారికి ఆశ కార్యకర్త చదివి వినిపిస్తారు.

బిడ్డ పక్కకూ, కుటుంబ నియంత్రణకూ ఏమిటి సంబంధం?

చాలా దగ్గరి సంబంధం ఉంది. మన దేశంలో 1971లో వెయ్యి మంది శిశువులు పుడితే, ఏడాది నిండకముందే 129 మంది చనిపోయేవారు. ‘పుట్టిన వాళ్లలో ఎందరు దక్కుతారో’ అన్న భయంతోనే ఆనాటి వారు ఐదుగురిని, ఆరుగురిని కన్నారు. 2020 నాటికి ఆ సంఖ్య వెయ్యికి 28కి తగ్గింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, తల్లిపాలు, శుభ్రత ఈ మార్పు తెచ్చాయి. పుట్టిన బిడ్డ దక్కుతుందన్న నమ్మకం ఉన్నప్పుడే దంపతులు ఇద్దరితో చాలనుకోగలరు. ఆ నమ్మకాన్ని నిలబెట్టే పనుల్లో బిడ్డ పక్క ఒకటి. దీనికి పెద్ద ఖర్చు లేదు, జాగ్రత్త ఉంటే చాలు.

గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే

ఒకే గది, వేరే పక్క. బిడ్డ తల్లి పడుకునే గదిలోనే, ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. కానీ బిడ్డ పక్క బిడ్డదే కావాలి. కనీసం ఆరు నెలలు ఇలా సాగాలి.

కారణం చూడండి. పసిబిడ్డ మెడ కండరాలకు బలం ఉండదు. తలను తనంత తాను తిప్పుకోలేదు. ముక్కుకు అడ్డుపడిన గుడ్డను తొలగించుకోలేదు. ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తుంది. గడ్డం వచ్చి రొమ్ముకు ఆనితే, సన్నని గాలిగొట్టం నలిగిపోతుంది. పెద్దవాళ్లమైతే ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చుంటాం. పసిబిడ్డ లేవలేదు, చాలాసార్లు ఏడవను కూడా ఏడవలేదు. అందుకే పడుకోబెట్టేటప్పుడే మనం సరిచూసుకోవాలి.

నులక మంచం, నవారు మంచం

మన ఇళ్లలో మంచమంటే నులకదో, నవారుదో. కొత్తగా అల్లినప్పుడు బిగువుగా ఉంటుంది. నాలుగు నెలలు వాడేసరికి నడుమ గుంట పడుతుంది. ఒక పరీక్ష చేయండి. తల్లి మంచం మీద ఒక పక్కకు పడుకుని, రెండో పక్కన ఒక నిమ్మకాయ పెట్టండి. అది దొర్లి తల్లి వీపు దగ్గరకు వచ్చిందా? బిడ్డ కూడా అలాగే దొర్లుతుంది. అలసిన తల్లికి మెలకువ రాకపోతే ఆ గుంటలో బిడ్డకు ఊపిరి ఆడదు.

అలాంటి మంచం మీద పాలివ్వవచ్చు. కానీ పాలు తాగించాక బిడ్డను తన పక్క మీదికి మార్చాలి. తల్లికి నిద్ర ముంచుకొస్తుంటే తోడున్నవారు ఆ పని చేయాలి.

వేరే మంచం కొనలేని వారు చింతపడనక్కరలేదు. తల్లి కూడా నేల మీదే పక్క వేసుకుని, దాని పక్కనే ఒక చాప పరచి, నాలుగు మడతలు పెట్టిన గట్టి బొంత వేసి, దాని మీద పల్చని దుప్పటి బిగించి పరిస్తే మంచి పక్క తయారైనట్టే. అరచేత్తో నొక్కి చూడండి. గుంట పడి అలాగే ఉంటే బొంత మెత్తన అన్నమాట. వెంటనే సమమైతే సరిపోతుంది. నేల పక్కకు దోమతెర తప్పనిసరి. తెర అంచులు చాప కింద నాలుగు వైపులా దోపితే దోమలే కాదు, చీమలు, తేళ్లు, పాములు కూడా లోపలికి రావు.

తొట్టెల సంగతి

ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేయడం మన వేడుక. వేడుక మానమని ఎవరూ చెప్పరు. కాని రాత్రంతా బిడ్డను చీర తొట్టెలలోనో, స్ప్రింగుకు వేలాడే గుడ్డ ఉయ్యాలలోనో వదలవద్దు. అందులో బిడ్డ వీపు విల్లులా వంగుతుంది, గడ్డం రొమ్ముకు ఆనుతుంది, చీర అంచులు ముఖం మీదికి ముడుచుకుంటాయి. ఏడ్చే బిడ్డను కాసేపు ఊపి, నిద్రపోగానే చదునైన పక్క మీదికి మార్చండి. ఊపుతున్నంతసేపు మనిషి దగ్గర ఉండాలి.

ఇంకో మాట. దూలానికి వేలాడే చీరను పగటిపూట ఖాళీగా వదిలేయకండి. పెద్దపిల్లలు అందులో గిరగిరా తిరుగుతూ ఆడుతారు. చీర మెలితిరిగి మెడకు బిగుసుకుని ప్రాణాలు పోయిన సంఘటనలు మన పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. వాడకం కాగానే చీర ముడి విప్పి పైన పెట్టండి.

చిన్న మంచం కొనేవారికి

జనగామ అంగడిలో కొన్నా, ఊళ్లోని వడ్రంగి చేత చేయించినా ఈ ఆరు విషయాలు చూడండి.

1. చదును: అడుగు పలక బల్లపరుపుగా ఉండాలి. తల వైపు ఎత్తు, కాళ్ల వైపు వాలు ఉండరాదు.

2. కమ్మీల సందు: రెండు కమ్మీల మధ్య 6 సెంటీమీటర్లు మించకూడదు. మీ నాలుగు వేళ్లు కలిపి అడ్డంగా సందులో పెట్టండి. దూరితే సందు ఎక్కువ. బిడ్డ శరీరం జారి, తల ఇరుక్కునే ప్రమాదం ఉంది.

3. పరుపు: మంచానికి సరిగ్గా సరిపోయే పల్చని, గట్టి పరుపు. పరుపుకూ అంచుకూ మధ్య రెండు వేళ్లు దూరితే ఆ పరుపు చిన్నది. మిగిలిన సందులో గుడ్డలు కుక్కవద్దు, పరుపే మార్చండి.

4. అంచు: పక్క తలుపు కిందికి జారే రకం వద్దు. కొక్కెం ఊడి, తలుపుకూ పరుపుకూ మధ్య శిశువులు ఇరుక్కుని చనిపోవడంతో అమెరికా 2011 జూన్ నుంచి అటువంటి మంచాల అమ్మకాన్నే నిషేధించింది.

5. తల్లి మంచానికి ఆనించే రకం: ఒక వైపు తెరచి ఉండే మంచమైతే రెండు పరుపులు ఒకే ఎత్తులో ఉండాలి. రెంటినీ తాడుతో, పట్టీతో కదలకుండా బిగించాలి. మధ్య సందు వేలెడు కూడా ఉండరాదు. నులక మంచం కుంగుతుంది కాబట్టి దానికి ఈ రకం ఆనించవద్దు. నాలుగు వైపులా అంచు ఉన్నదాన్నే పక్కన పెట్టుకోండి.

6. రంగు, మేకులు: చెయ్యి పెట్టి నిమిరి చూడండి. పేళ్లు, మేకుమొనలు తగలకూడదు. పెచ్చులూడే పాత రంగు మంచం వద్దు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇంటి రంగుల్లో సీసం మిలియన్‌కు 90 పాళ్లు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది.

బిడ్డ బోర్లాపడడం, చేతుల మీద లేవడం మొదలుపెడితే చిన్న తొట్టి మంచం కాలం తీరినట్టే. ఎత్తైన అంచు ఉన్న మంచానికో, నేల పక్కకో మార్చండి.

ఖరీదైన మంచమే మంచిదన్న నియమం లేదు. ఫిన్లాండ్ దేశంలో 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి తల్లులందరికీ ప్రభుత్వం ఒక అట్టపెట్టె ఇస్తోంది. అందులో బిడ్డ బట్టలు, అడుగున చిన్న పరుపు ఉంటాయి. బట్టలు తీసేస్తే ఆ పెట్టే బిడ్డకు పక్క. ఎందరో పిల్లలు మొదటి నెలలు అట్టపెట్టెలోనే నిద్రపోయి పెరిగారు. మన రాష్ట్రంలోనూ 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో దోమతెర ఉన్న చిన్న పక్క ఉండేది. అలాంటిది ఇంట్లో ఉంటే వాడుకోవచ్చు. అయితే అందులోని దిండు తీసేయండి. అడుగు మెత్తగా ఉంటే దాని కింద కాకుండా, దాని స్థానంలోనే గట్టి బొంత వేయండి.

పక్క మీద ఏముండాలి? ఏముండకూడదు?

ఉండవలసింది బిడ్డ, బిగుతుగా పరచిన దుప్పటి. అంతే. దిండు, ఆవాల దిండు, మెత్తని బొమ్మలు, బరువు రగ్గు వద్దు. బిడ్డ మెడలో, పక్క చుట్టూ తాళ్లు, పొడుగు దారాలు వద్దు. పత్తి చేలకు కొట్టే మందు వచ్చిన సంచులను ఎంత ఉతికినా బిడ్డ కింద పరచవద్దు. మందు డబ్బాలు ఆ గదిలోనే ఉంచవద్దు. నల్లులకని మంచానికి పురుగుమందు పూయవద్దు. మంచాన్ని మండుటెండలో వేసి, మరిగే నీళ్లు పోస్తే చాలు.

బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి, పగలైనా రాత్రైనా. పడమటి దేశాల వైద్యులు ఒకప్పుడు బోర్లా పడుకోబెట్టమన్నారు. తరువాత తప్పు తెలుసుకుని బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో ‘వెల్లకిలా పడుకోబెట్టండి’ అని ప్రచారం చేశారు. నిద్రలో ఉన్నట్టుండి చనిపోయే శిశువుల సంఖ్య సగానికి పైగా తగ్గింది. మన అమ్మమ్మలు ముందునుంచీ చేసినదే ఇది.

పెద్దలు అడిగే ప్రశ్నలు

‘వెల్లకిల పండుకుంటే పాలు కక్కి కొసరుపోదా?’

పోదు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు ఎదురెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చే దాకా వీపు నిమరండి.

‘దిండు పెట్టకుంటే తల చపటగైతది గదా?’

ఒక పూట తల కుడివైపుకు, ఒక పూట ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందే కాసేపు బోర్లా ఆడించండి. మెడకు బలం వస్తుంది, తలా గుండ్రబడుతుంది.

‘చలికాలం బాలింత మంచం కింద కుంపటి పెట్టకుంటే ఎట్ల?’

తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచి వాసన లేని విషవాయువు వస్తుంది. తల్లీబిడ్డల ప్రాణం తీస్తుంది. నిప్పుకు గుడ్డ అంటుకునే భయం వేరే. చలికి తల్లి రొమ్మే కుంపటి. బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ముల మధ్య నిలువుగా పెట్టుకుని పైన గుడ్డ చుట్టుకోండి. దీన్ని 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగర ఆసుపత్రిలో నెలలు నిండని బిడ్డలకు మొదలుపెట్టారు. ఇప్పుడు లోకమంతా పాటిస్తోంది. ఈ సమయంలో తల్లి మెలకువగా ఉండాలి. నిద్ర వస్తే తోడున్నవారు చూసుకోవాలి. ఎండాకాలంలో మాత్రం బిడ్డను చుట్టి ఉంచవద్దు. మెడ వెనుక తాకి చూడండి, చెమట ఉంటే బట్ట తగ్గించండి.

తండ్రికి ఒక మాట

కల్లు, సారా తాగిన రాత్రి బిడ్డ ఉన్న మంచం ఎక్కవద్దు. బీడీ ఇంట్లో కాల్చవద్దు. బీడీ పొగ ఉన్న ఇంట్లో నిద్రలో శిశుమరణాలు ఎక్కువ. నిద్ర వచ్చే మందులు వాడేవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, రెండున్నర కిలోల లోపు బిడ్డ ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త కావాలి. తల్లి రాత్రి రెండుమూడు సార్లు పాలిస్తుంది. బిడ్డను తిరిగి పక్క మీద పెట్టే పని మీరు తీసుకోండి. ఒక్క మారు లేస్తే ఆమెకు ఒక గంట నిద్ర.

చేతికి ఎందరు అందుతారు?

ఇప్పుడు మొదటి సూత్రానికే వద్దాం. తల్లి చెయ్యి చాపితే అందే దూరంలో ఎందరు బిడ్డలను పెట్టగలం? ఏడాదిన్నర బిడ్డ ఒక పక్క, పసిగుడ్డు ఇంకో పక్క ఉంటే తల్లి ఎటు తిరగాలి? పెద్దబిడ్డ నిద్రలో పసిదాని మీద కాలు వేస్తుంది. తల్లి పాలు మానిపించి దాన్ని ముసలమ్మ పక్కకు తోస్తారు. రెండు పక్కలూ చెడుతాయి. అందుకే ఒక కాన్పుకూ, మరో కాన్పుకూ మధ్య మూడేళ్ల ఎడం కావాలి.

ఎడానికి సాధనాలు ఉన్నాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం.

కాన్పైన 48 గంటల్లోపే కాపర్-టి వేయించుకోవచ్చు. లేదా ఆరు వారాల తరువాత వేయించుకోవచ్చు. ఛాయ మాత్రలు పాలిచ్చే తల్లులకు పనికివస్తాయి. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తరువాత వారానికి ఒకటి. అంతర ఇంజక్షన్ కాన్పైన ఆరు వారాల తరువాత మొదలుపెట్టి మూడు నెలలకొకసారి వేస్తారు. భర్తకు నిరోధ్ ఉంది. బిడ్డకు ఆరు నెలల లోపు, రాత్రింబవళ్లు తల్లిపాలే ఇస్తూ, ముట్టు రాకుండా ఉంటే గర్భం రావడం అరుదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే. ఇద్దరు పిల్లలు చాలనుకున్న వారికి ఆపరేషన్ ఉంది. కోతా కుట్టూ లేని మగవారి ఆపరేషన్ తేలికైనది. అయితే ఆ తరువాత మూడు నెలలు నిరోధ్ వాడాలి. మీకేది సరిపోతుందో ఏ.ఎన్.ఎం.ను, డాక్టరును అడిగి ఎంచుకోండి.

ఆసుపత్రి కాన్పు తరువాత ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తారు. ఆమెకు బిడ్డ పక్క చూపించండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, కాలినా, నిమిషానికి 60 సార్లు లేదా అంతకన్న ఎక్కువ ఊపిరి తీసినా, డొక్కలు ఎగరేసినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. జనగామ చంపక్‌హిల్స్‌లో మాతాశిశు ఆసుపత్రి ఉంది.

గుర్తుంచుకోండి

• ఒకే గది, వేరే పక్క.
• గట్టి పక్క, చదునైన పక్క, ఖాళీ పక్క.
• ఎప్పుడూ వెల్లకిలా.
• దోమతెర ఉండాలి, పొగా కుంపటీ ఉండరాదు.
• పక్క మీది బిడ్డకు మూడేళ్లు నిండేదాకా మరో బిడ్డ వద్దు.

చదివాక దీన్ని మడిచి చూరులో దోపకండి. పక్కింట్లో కాన్పుకు ఉన్న కోడలికి ఇవ్వండి.