వినిన పాటను పంచుకొనుట

విద్యవలె సంగీతము కూడ పంచిన కొలది పెరుగును. అయితే పాటను పంచుకొనుట అనగా దానిని వినిపించుట మాత్రమేనా? ఒక ఉదాహరణమును పరిశీలింతము.

1949లో విడుదలైన 'మహల్' అను హిందీ చిత్రమునకు ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతము కూర్చెను. అందలి ప్రఖ్యాత గీతమును పాడినది లతా మంగేష్కర్. కాని గ్రామఫోను రికార్డుపై ఆమె పేరు లేదు. మధుబాల ధరించిన పాత్ర పేరైన 'కామిని' అని మాత్రమే ముద్రించిరి. నాటి ఆచారమది. రేడియోలో ఆ పాట వినిన శ్రోతలు గాయని ఎవరని అడుగగా, రేడియోవారు రికార్డు కంపెనీనుండి తెలిసికొని ఆమె పేరు ప్రకటించిరి. ఆమెకు దక్కవలసిన పేరును శ్రోతల జిజ్ఞాసయే దక్కించినది.

నేడు మిత్రునికి పాటను పంపుట క్షణకాలపు పని. కాని పంపునపుడు దాని కర్తలను పేర్కొనువారు అరుదు. పై గీతమును రచించినది నఖ్‌షబ్ జార్చవీ అను ఉర్దూ కవి అని మనలో ఎందరెరుగుదురు? కావున పాటతోబాటు గాయకుని, కవిని, స్వరకర్తను పేర్కొందము. అన్యభాషా గీతమైనచో భావమును గూడ చెప్పుదము. ఉర్దూ విద్యార్థి గజలునకు, తెలుగు విద్యార్థి క్షేత్రయ్య పదమునకు అర్థము చెప్పినచో, ఒకే బల్లపై కూర్చున్న ఇరువురికి రెండు సాహిత్యములు పరిచయమగును. మిత్రుడు వినిపించు పాటను చివరివరకు ఓపికతో వినుటయు పంచుకొనుటలో భాగమే.